చార్మినార్ కంటే పాత పేజీలు

మొఘల్‌పురాలోని ఆ కార్ఖానా గడప దాటగానే డిటెక్టివ్ సక్కుబాయి అడిగిన మొదటి మాట, "పెట్టె ఎక్కడుంది ఆపా?"

ఖైసర్ బేగం గోడవైపు చూపించింది. అక్కడ ఆకుపచ్చ రంగు రేకుపెట్టె ఉంది. దాని నిండా ఖాకాలు. పలచని కాగితం మీద డిజైను గీసి, ఆ గీతల వెంట సూదితో చిల్లులు పొడిస్తే ఖాకా అవుతుంది. దాన్ని బట్ట మీద పరిచి పొడి రుద్దితే డిజైను చుక్కలు చుక్కలుగా కిందికి దిగుతుంది. ఆ చుక్కల మీద జరీపని నడుస్తుంది. ఖైసర్ బేగం తాత పొడిచినవి, తండ్రి పొడిచినవి, ఆమె తన చేత్తో పొడిచినవి అన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. సాయంత్రానికి ఆ పెట్టె పరాయివాళ్ళది కాబోతోంది.

బంజారాహిల్స్‌లోని ఒక పెళ్ళిబట్టల కంపెనీ ఈ కార్ఖానాకు పెళ్ళికూతురు కట్టే ఖడా దుపట్టా ఆర్డరు ఇచ్చింది. రంజాన్ తర్వాత వచ్చే షవ్వాల్ నెల పెళ్ళిళ్ళకు అదే వాళ్ళు చూపించబోయే కొత్త సరుకు. అప్పటిదాకా డిజైను ఎవరి కంటా పడకూడదు. కార్ఖానా నుంచి బయటికి పొక్కితే ఖాకాలన్నీ కంపెనీకి అప్పగించాలి. ఖైసర్ బేగం ఆ షరతు చదివించుకుని, తెలిసే సంతకం చేసింది. తన ఇంట్లోంచి పొక్కదని ఆమె నమ్మకం. పోయిన వారం ఆ డిజైను సెర్చ్‌లో వెతికిన ప్రతివాళ్ళకూ కనిపించింది. అది కూడా ఆమె కార్ఖానా వెబ్‌సైటు నుంచే.

ఆ వెబ్‌సైటు చూసేది ఆమె చెల్లెలి కొడుకు అద్నాన్. వాడే కావాలని బయటపెట్టాడని కంపెనీ మేనేజరు ఫణి అంటున్నాడు. పొద్దువాలాక చేసే అసర్ నమాజు వేళకు వచ్చి పెట్టె తీసుకుపోతానని కబురు పెట్టాడు.

"మా పిలగాడు గట్ల చేయడు బాయీ," అంది ఖైసర్ బేగం. "ఏదన్న తప్పు చేస్తే నా ముందల్నే నిలబడి చెప్తడు."

ప్రేమతో చెప్పిన మాటను సక్కుబాయి ఎప్పుడూ సాక్ష్యంగా తీసుకోదు. అలాగని చులకనగానూ చూడదు. పక్కన పెట్టుకుంటుంది, అంతే. టెలిఫోను శాఖలో ఏళ్ళ తరబడి నెట్‌వర్కులు చూసి, ఆ ఉద్యోగం వదిలి, లాల్‌దర్వాజాలో డిటెక్టివ్ బోర్డు పెట్టిన మనిషి ఆమె. యంత్రాన్నీ మనిషినీ ఒకే ఓపికతో ప్రశ్నిస్తుందని ఆమె గురించి చెప్పుకుంటారు. ఆ రోజు అది కళ్ళారా చూడవచ్చు.

జుమ్మా, శుక్రవారం కావడంతో పనివాళ్ళు లేరు. బట్ట బిగించిన కార్చోబ్ చట్రాలు ఖాళీగా ఉన్నాయి. మూలన కంప్యూటరు ముందు అద్నాన్ కూర్చుని ఉన్నాడు. పాతికేళ్ళుంటాయి. రాత్రి నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రబడ్డాయి.

సక్కుబాయి వాడి పక్కన ముక్కాలిపీట వేసుకుంది. వెబ్‌సైటు పాస్‌వర్డు ఎవరెవరి దగ్గర ఉందని అడిగింది.

"నా దగ్గర్నే ఆంటీ."

ఆమె ప్రశ్న పూర్తికాకముందే వచ్చిన జవాబు అది. ఆమె దాన్ని కదపలేదు. కంపెనీవాళ్ళ డిజైను అసలు వెబ్‌సైటులోకి ఎందుకు ఎక్కిందని అడిగింది. అది తమ పద్ధతి అన్నాడు వాడు. ఏ గిరాకీకైనా డిజైను చూపించాలంటే విడిగా ఒక పేజీ చేస్తారు. సైటులో ఎక్కడా దానికి దారి ఉండదు. దాని చిరునామాను ఖాలా, అంటే పెద్దమ్మ, తన ఫోను నుంచి ఆ గిరాకీకి మాత్రమే పంపుతుంది. వాళ్ళు సరే అన్నాక పేజీ తీసేస్తారు. ఈ పేజీ చిరునామా వాడికి, ఖాలాకు, ఫణికి తప్ప ఎవరికీ తెలియదు.

"మరి మిగతా సైటు సెర్చ్‌ల మంచిగనే కనవడుతదా?"

ఆ మాటకు అద్నాన్ మొహం మారింది. అదే వాడి బాధ. రెండేళ్ళుగా పేజీల్లో ఎన్నో కొత్త డిజైన్లు పెట్టాడు. సెర్చ్‌లో మాత్రం ఇంకా మొదట్లో పెట్టిన పాత ఫొటోలే వస్తున్నాయి. సైట్‌మ్యాప్ ఉంది. సెర్చ్ ఇంజిన్ దాన్ని చదివినట్టు రిపోర్టు కూడా చెబుతోంది. చదివి ఏం చేస్తోందో తెలియడం లేదు.

సైట్‌మ్యాప్ అంటే ఏమిటని ఖైసర్ బేగం అడిగింది. సక్కుబాయి స్క్రీన్ మీది నుంచి చూపు తిప్పకుండానే చెప్పింది. దుకాణంలో ఏ అరలో ఏముందో, ఏ అర ఎప్పుడు సర్దారో రాసి గుమ్మానికి కట్టిన అట్ట లాంటిది. సెర్చ్ ఇంజిన్ వచ్చి ముందు ఆ అట్ట చదువుతుంది. దాన్నిబట్టి ఏ అర చూడాలో నిర్ణయించుకుంటుంది.

తర్వాత ఆమె పని మొదలుపెట్టింది. ఆ పని చూడడానికి అందంగా ఉంది. ముందు సైట్‌మ్యాప్ చిరునామా టైపు చేసి ఫైలు తెరుచుకుంటుందో లేదో చూసింది. తెరుచుకుంది. సెర్చ్ ఇంజిన్లను లోపలికి రావద్దని చెప్పే ఫైలు ఒకటుంటుంది, అందులో ఏదైనా అడ్డు ఉందేమో చూసింది. లేదు. సర్వరు జవాబు సరిగా ఇస్తోంది. పేజీల చిరునామాలు సైటు చిరునామాతో సరిపోలుతున్నాయి. ఒక్కొక్క అనుమానాన్నీ తీసి పక్కన పెడుతున్నప్పుడు ఆమె మొహంలో విసుగు లేదు, తొందర లేదు. ఖైసర్ బేగం సూది చేత పట్టినప్పుడు కూడా ఇలాగే ఉంటుందేమో అనిపించింది అద్నాన్‌కు.

చివరికి ఆమె పేజీల పక్కన ఉన్న తారీకుల దగ్గర ఆగింది. కింది దాకా చూసి, మళ్ళీ పైకి వచ్చింది.

"ఈ కంప్యూటర్ ఎక్కడిది ఆపా?"

తన భర్త నజీర్ జెద్దా నుంచి తెచ్చాడని ఖైసర్ బేగం చెప్పింది. ఆయన పోయాక అద్నాన్ దాన్ని వాడుతున్నాడు. ఆమె కోసం అందులో దేన్నీ మార్చలేదు.

సక్కుబాయి తల ఊపింది. అద్నాన్‌ను ఇంకో దారిలేని పేజీ చేయమంది. ఏ డిజైను పెట్టాలని వాడు అడిగితే ఏమీ పెట్టవద్దంది. తెల్లగా ఉండాలి. ఆ తర్వాత ఖైసర్ బేగం ఫోను తెప్పించి, ఫణికి ఏం చెప్పాలో నేర్పింది. ఖైసర్ బేగం తన గొంతుతోనే రికార్డు చేసి పంపింది. "ఫణి సాబ్, ఒక్కసారి అయ్యింది పొరపాటని మా వకీల్ అంటుండు. పెట్టె అప్పజెప్పే కాగితం మీద సంతకం సోంచాయించి చేస్తా. ఇగ దుపట్టా జతకు కుర్తీ పని పెట్టినం, కింద పేజీ ఉంది, చూసి చెప్పుండ్రి." దాని కింద తెల్ల పేజీ చిరునామా వెళ్ళింది.

అది వెళ్ళగానే సక్కుబాయి కంప్యూటరు ఆపించి, కరెంటు వైరు పీకి, చుట్టచుట్టి తన చేతిసంచిలో వేసుకుంది. అద్నాన్ ఫోను కూడా అడిగి తీసుకుంది. ఇద్దరూ ఎందుకని అడగలేదు. ఆమె పీట మీద అంత నిమ్మళంగా కూర్చుంటే అడగాలనిపించలేదు.

జుమ్మా నమాజు ముగిసి గల్లీలో జనం కదిలాక నిఖిలేష్ వచ్చాడు. కంపెనీ తరఫున ఈ వ్యవహారం విచారించిన సైబర్ నిపుణుడు. ఇంతకుముందు రెండు కేసుల్లో సక్కుబాయికి ఎదురుపడ్డాడు. ఒకదానిలో ఆమె గెలిచింది, ఒకదానిలో అతను గెలిచాడు. రెండోది ఇద్దరికీ గుర్తుంది.

"మేడమ్, మీరూ వచ్చారా?" అన్నాడు లాప్‌టాప్ సంచి దించుతూ. "ఆలస్యంగా వచ్చినట్టున్నారు. రిపోర్టు ఇచ్చేశాను."

"చదివిన సార్. మస్తు రాసిన్రు. ఒక్క తప్పు లేదు దాంట్ల."

అతను అనుమానంగా చూశాడు. ఆమె నిజంగానే అంది. రిపోర్టులో అతను పేర్చిన సంగతులన్నీ సరైనవే. ఆ పేజీకి సైటులో ఎక్కడా దారి లేదు. అయినా సెర్చ్ ఇంజిన్ దాన్ని కనుక్కుంది. ఎందుకంటే ఎవరో దాని చిరునామాను సైట్‌మ్యాప్‌లో చేర్చారు. చేర్చాలంటే పాస్‌వర్డు ఉండాలి. పాస్‌వర్డు ఒక్క అద్నాన్ దగ్గరే ఉందని అద్నానే చెప్పాడు.

"ఇంకొకటి కూడా రాశాను," అన్నాడు నిఖిలేష్. "రెండేళ్ళుగా మిగతా పేజీల వైపు కన్నెత్తి చూడని సెర్చ్ ఇంజిన్, ఈ ఒక్క పేజీని మర్నాటికల్లా పట్టుకుంది. ఇది అనుకోకుండా జరిగేది కాదు. తెలిసినవాడు చేసిన పని."

"అది ఎట్ల జరిగిందో రాయలే మీరు."

"ఎలా జరిగిందన్నది నా పని కాదు. ఎవరు చేశారన్నదే నా పని."

"నాకు ఎట్లనో తెలిస్తెనే ఎవరో తెలుస్తది సార్. తెర్వుండ్రి మీ లాప్‌టాప్."

అతను తెరిచాడు. తన ఫోను నుంచే ఇంటర్నెట్ తీసుకుని, రిపోర్టు కోసం పోయిన వారం భద్రపరిచిన సైట్‌మ్యాప్‌ను స్క్రీన్ మీద పెట్టాడు. ఆమె పేజీల సంగతి వదిలేసి, వాటి పక్కనున్న సంవత్సరాలు మాత్రం పైకి చదవమంది.

"పద్నాలుగు వందల నలభై ఐదు. నలభై ఆరు. నలభై ఏడు..." నిఖిలేష్ ఆగాడు. ముందుకు వంగి చూశాడు. "ఇదేంటి?"

"హిజ్రీ సాల్, మా సంవత్సరం," అంది ఖైసర్ బేగం, అందులో వింతేముందన్నట్టు. "తారీకు చాంద్ లెక్కల ఉంటెనే నాకు సమజయితది. షవ్వాల్ల పెండ్లంటే రజబ్‌ల బట్ట కార్చోబ్ ఎక్కాలె."

ఆ కంప్యూటరు జెద్దాలో కొన్నది. అక్కడి లెక్కనే తారీకులు చూపిస్తుంది. సైట్‌మ్యాప్ తయారుచేసే ప్రోగ్రాము ఆ కంప్యూటరునే తారీకు అడుగుతుంది. అది చెప్పిన సంవత్సరాన్నే రాస్తుంది. సెర్చ్ ఇంజిన్‌కు మాత్రం ఒక్క ఇంగ్లీషు లెక్కే తెలుసు.

"దాని లెక్కల ఈ డిజైన్లు ఎప్పటియి?" అని అడిగింది సక్కుబాయి. "చార్మినార్ కట్టకముందు నూట నలభై ఏండ్ల కిందటియి. అప్పటి నుంచి ఎవ్వరు ముట్టుకోని పేజీలు. ఇంక మళ్ళ వచ్చి చూసుడెందుకని అది రానే లేదు. తప్పు దానిది గాదు, ఈ పిలగానిది గాదు. ఇద్దరు ఎవరి తారీకు వాళ్ళు చెప్పుకున్నరు."

అద్నాన్ కూడా స్క్రీన్ మీదికి వంగాడు. రెండేళ్ళ బాధకు కారణం రోజూ తన కళ్ళముందే ఉంది. సొంత క్యాలెండరు కాబట్టి వాడికి అందులో తేడా కనిపించలేదు.

నిఖిలేష్ అప్పటికే కిందికి వెళ్తున్నాడు. అతను తెలివైనవాడు. చెప్పకముందే అర్థమైంది. బయటపడిన పేజీ పక్కన వేలు పెట్టాడు. అక్కడ మాత్రం రెండు వేల ఇరవై ఐదు అని ఉంది.

"అన్నీ ఒక గడియారం. ఇది ఒక్కటి వేరే గడియారం," అన్నాడు నెమ్మదిగా. "అందుకే ఇంజిన్ దీని దగ్గరికి పరిగెత్తింది. మొత్తంలో ఇదొక్కటే తాజాది."

"ఎట్లనో దొరికింది. ఇగ ఎవరో చూద్దాం," అంటూ సక్కుబాయి అద్నాన్ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "పాస్‌వర్డ్ ఇంకెవ్వరికి ఇచ్చినవ్ బేటా?"

వాడు ఖాలా వైపు చూడలేకపోయాడు. నెల రోజుల కింద ఫణి ఆర్డరు మాట్లాడడానికి వచ్చినప్పుడు సైటు బాధ చెప్పుకున్నాడట. తమ ఆఫీసులో సెర్చ్ పని తెలిసినవాళ్ళున్నారని, వాళ్ళకు చూపిస్తానని ఫణి పాస్‌వర్డు అడిగాడు. "బాగుచేపిస్తనన్నడు ఖాలా. నాతోని అయితలేదని నీకు చెప్పనీకి సిగ్గయింది. అందుకే దాచిన."

"సిగ్గు నాతోనా," అంది ఖైసర్ బేగం. వాడి పక్కకు వచ్చి నిలబడింది.

నిఖిలేష్ లాప్‌టాప్ సగం మూశాడు. "మేడమ్, మీరు బాగా పట్టారు. కాదనను. కానీ ఇది చాలదు. ఇంగ్లీషు తారీకు ఇతను కూడా చేత్తో టైపు చేసి ఉండొచ్చు. అనుమానం తన మీద నుంచి పోవడానికే చేశాడని ఫణి గారి వకీలు అంటాడు. నేను ఆయన వైపు ఉంటే నేనూ అదే అంటాను."

"ఇప్పుడు కూడా ఆయన దిక్కే గదా మీరు."

"నాకు పని ఇచ్చింది ఆయన. అబద్ధం రాయమని ఇవ్వలేదు."

సక్కుబాయి ఆ మాటకు అతన్ని కొత్తగా చూసింది. సంచిలోంచి కరెంటు వైరు తీసి కార్చోబ్ మీద పెట్టింది. పక్కనే అద్నాన్ ఫోను పెట్టింది. నమాజుకు ముందే రెండూ తన దగ్గరికి వచ్చాయని, అప్పటి నుంచి ఈ పిల్లవాడు తన కళ్ళముందే ఉన్నాడని చెప్పింది. పిల్లవాడు చేతులు ముడుచుకుని కూర్చున్నాడు. కంప్యూటరు చచ్చి పడి ఉంది. సైట్‌మ్యాప్ ఇప్పుడు మారితే మార్చింది వీడు కాదని నిఖిలేష్ ఒప్పుకుంటాడా అని అడిగింది.

"ఎందుకు మారుతుంది?"

"సూడుండ్రి. మీ లాప్‌టాప్ మీదనే. పోయిన వారంది గాదు, ఇప్పటిది."

నిఖిలేష్ సైట్‌మ్యాప్‌ను కొత్తగా తెరిచాడు. కింది దాకా వెళ్ళాడు. బయటపడిన పేజీ తర్వాత ఇప్పుడు ఇంకొక వరుస ఉంది. అతను ఎప్పుడూ చూడని చిరునామా. పక్కన ఆనాటి తారీకు, ఇంగ్లీషు సంవత్సరంతో. సక్కుబాయి ఖైసర్ బేగం ఫోను తెరిచి, ఆ చిరునామా ఇవాళ ఫణికి ఒక్కడికే వెళ్ళిందని చూపించింది.

అతను ఆ వరుసను చూస్తుండగానే అతని ఫోను మోగింది. స్క్రీన్ మీద ఫణి పేరు వెలిగింది.

నిఖిలేష్ ఫోనును కార్చోబ్ మీద, వైరు పక్కన పెట్టి, అందరికీ వినిపించేలా స్పీకరు నొక్కాడు. ఆ పని అతను తనంతట తానే చేశాడు.

"నిఖిలేష్ గారూ, అక్కడే ఉన్నారా అండీ?" ఫణి గొంతు హుషారుగా ఉంది. "పొరపాటు జరిగిందని అంటోందండీ ఆవిడ. చూశారా మరి, ఇవాళ రెండోది కూడా బయట పెట్టేశారు. సైట్‌మ్యాప్ తీసి చూడండి, కిందే ఉంది. ఇక పొరపాటని ఎలా అంటారు?"

"రెండోది ఏది సార్?"

"కుర్తీ డిజైనండీ. నేనిప్పుడే చూశాను. మామిడిపిందెల పని, అంచుకి తీగ. మనకోసం గీసిందే. అలా ఊరందరికీ పంచేస్తే ఎలాగండీ?"

నిఖిలేష్ ఆ చిరునామా మీద నొక్కాడు. పేజీ తెరుచుకుంది. తెల్లగా ఉంది. పైనుంచి కిందిదాకా జరిపి చూశాడు. మామిడిపిందె లేదు, తీగ లేదు. ఒక్క చుక్క కూడా లేదు. ఫణి పేజీ తెరవకుండానే చూశానని చెప్పాడు.

అతను తల ఎత్తి సక్కుబాయిని చూశాడు. ఓడిపోయినవాడు చూసే చూపు కాదు అది. మంచి పనితనం చూసినప్పుడు ఇంకో పనివాడు చూసే చూపు.

"సార్," అన్నాడు ఫోనులో, ఒక్కొక్క మాటా విడివిడిగా. "ఈ పేజీ చిరునామా మీ ఒక్కరికే పంపారు. ఇందులో ఏ డిజైనూ లేదు. మీరు ఏం చూశారు?"

అవతలి నుంచి బండి ఇంజిను చప్పుడు వినిపించింది. అదే చప్పుడు బయటి గల్లీలోంచి కూడా వస్తోందని ముందుగా ఖైసర్ బేగం గమనించింది.

"అవన్నీ తర్వాత మాట్లాడుకుందాం," అన్నాడు ఫణి. హుషారు పోయింది. "ట్రాలీ ఆటో మీ గుమ్మం ముందే ఉంది. మనుషుల్ని తెచ్చాను. ముందు పెట్టె ఎక్కించేస్తాం."

ఫోను ఆగిపోయింది. ఖైసర్ బేగం గోడ దగ్గరికి నడిచి, ఆకుపచ్చ పెట్టె మీద కూర్చుంది. అద్నాన్ వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాడు. నిఖిలేష్ సంచిలోంచి తన రిపోర్టు కాగితాలు తీసి రెండుగా చించాడు. లాప్‌టాప్‌ను వాకిలి వైపు తిప్పి, లోపలికి వచ్చేవాడికి ముందు ఆ తెల్ల పేజీ కనిపించేలా పెట్టాడు. ఆ తర్వాత సక్కుబాయి పక్కకు వచ్చి నిలబడ్డాడు.

తలుపు మీద దెబ్బ పడింది. ఒకటి కాదు, నాలుగు చేతులు కలిసి బాదుతున్నాయి.

"నిఖిలేష్ సార్," అంది సక్కుబాయి చీర కొంగు నడుముకు దోపుకుంటూ, "ఇందాక ఫోన్ల అన్న మాట ఆయన ముంగట మళ్ళొక్కసారి చెప్తరా?"

"చెప్తాను మేడమ్. అవసరమైతే కోర్టులో కూడా."

"అయితే ఫికర్ లేదు," అని ఆమె వెళ్ళి గడియ తీసింది.